కొలిచి పెంచవలసిన ఒత్తిడి



హైదరాబాదునుండి వరంగల్లునకు పోవు 163వ నంబరు జాతీయ రహదారియు, సికింద్రాబాదునుండి కాజీపేటకు పోవు రైలుదారియు తాకిపోవు ఊరు ఆలేరు. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడువరకు ఈ ఊరు నల్లగొండ జిల్లాలోనిది. చుట్టును రాతినేల, ఎర్రచెలక. చెరువు నిండిన యేడు నాలుగు మళ్లు ఎక్కువగా పారించుకొనుట, నిండని యేడు బోరుబావినే నమ్ముకొనుట ఇక్కడి సేద్యగాని జీవితము. ఆ బోరు వేయుట కొక యంత్రము, వేసినపిదప నీటిని తోడుట కొక యంత్రము అతనికి కావలెను. మొదటిది తమిళనాటి తిరుచెంగోడువంటి చోటులనుండి వచ్చు రిగ్గులారీ. దానిమీది టర్బో డీజిలు ఇంజను కంప్రెసరును త్రిప్పగా, అది నొక్కిన గాలి రాతిని పిండిచేసి వందల అడుగుల లోతునుండి పైకి చిమ్మును. రెండవది ఆ బోరులోనికి దించిన సబ్‌మర్సిబుల్ మోటారు. ఒకటి గాలియొత్తిడిచేతను, రెండవది వోల్టేజీచేతను పనిచేయును. ఈ రెండింటి విషయమునను మన పల్లెలలోను, రహదారి పొడవున వెలసిన మెకానిక్కు షెడ్లలోను ఒకే తప్పు పదేపదే జరుగుచున్నది: శక్తి చాలనప్పుడు, అది యెక్కడ పోవుచున్నదో కొలిచి తెలిసికొనక, ముందుగానే ఒత్తిడిని పెంచబూనుట. ఆ తప్పునకు పంటయు, డబ్బును, ఒక్కొక్కప్పుడు ప్రాణమును బలియగుచున్నవి గనుకనే నేడు మీ యెదుట ఈ నాలుగు మాటలు చెప్పవలెనని పూనుకొంటిని.

మొదట కరెంటు సంగతి. మూడు ఫేజుల మోటారునకు ఏ రెండు ఫేజుల నడుమనైనను 415 వోల్టులుండవలెను. 1956 నాటి భారత విద్యుత్తు నిబంధనలు ఆ అంకెకు నూటికి ఆరువంతుల హెచ్చుతగ్గులను అనుమతించినవి. అనగా 390కి తగ్గరాదు, 440కి మించరాదు. ట్రాన్స్‌ఫార్మర్ గద్దెవద్ద ఈ అంకె సరిగానే యుండవచ్చును. అక్కడినుండి అల్యూమినియము తీగలమీద పొలములవెంట పోయి పోయి, నడుమనున్న మోటార్లన్నియు తమ తమ వంతును లాగికొనగా, చివరి స్తంభమువద్ద 320యో, 300యో మిగులును. కాలువ మొదటి ఆయకట్టునకు నీరు పొంగిపారి చివరి భూములకు తడియైనను అందకపోవుట మనమెరిగినదే, ట్రాన్స్‌ఫార్మర్‌నుండి వచ్చు ఈ తక్కువ వోల్టేజీ (ఎల్.టి.) లైను చివరనున్న రైతు స్థితియు అట్టిదే.

300 వోల్టులతో మోటారునకేమగునో లెక్కవేసి చూచెదము. ఇండక్షను మోటారు త్రిప్పుడుబలము వోల్టేజీ వర్గము ననుసరించి యుండును. వోల్టేజీ 415నుండి 300కు, అనగా నూటికి 72 వంతులకు దిగినచో, బలము నూటికి 52 వంతులకు, దాదాపు సగమునకు దిగును. ఎత్తవలసిన నీటి బరువు మాత్రము తగ్గదు. అందుచేత మోటారు వేగము కోల్పోవుచు, అదే పనికై కరెంటును హెచ్చుగా లాగికొనును. 415 వోల్టులవద్ద ఏడున్నర ఆంపియర్లు తీసికొను 5 హెచ్.పి. మోటారు ఇప్పుడు పదికి పైబడి తీసికొనును. వైండింగులో పుట్టు వేడి కరెంటు వర్గమునుబట్టి హెచ్చును గావున, మునుపటికి దాదాపు రెండింతల వేడి ఆ తీగచుట్టలలో నిండును. చల్లని నీటిలో మునిగియున్న మోటారు కాలునా యని ఆశ్చర్యపడువారు కలరు. కాలునది వెలుపలి గొట్టము గాదు, లోపలి తీగకు తొడుగైన ఇన్సులేషను. అది ఒకచోట మాడి తీగకు తీగ తగిలినదా, ఇక ఆ మోటారు పైకి లేపవలసినదే.

లేపుటకు కూలి, వైండింగునకు ఖర్చు, మరల దించుటకు కూలి; ఈ నడుమ గడచు దినములలో పొట్టదశనున్న వరి కన్నులయెదుటనే ఎండును. ఈ బాధ నొకసారి పడిన రైతు మరల పడరాదని ఏమి చేయుచున్నాడు? 5 హెచ్.పి. చోట 7.5 హెచ్.పి. మోటారు దించుచున్నాడు, దానిచే లైనుమీది లోడు మరింత పెరిగి, తన వోల్టేజీయేగాక ప్రక్కవాని వోల్టేజీయు తగ్గుచున్నది. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని దానిచోట లావుపాటి తీగ చుట్టుచున్నాడు. దానిచే మోటారును కాపాడవలసిన ఒక కాపలా తొలగిపోవుచున్నది. వోల్టేజీని మెట్టుమెట్టుగా మార్చు ట్యాపు కలిగిన ట్రాన్స్‌ఫార్మరైనచో దాని నొక మెట్టు పైకి జరిపింపుమని లైన్‌మన్‌ను వేడుకొనుచున్నాడు. పగలు చివరి స్తంభమునకు పది వోల్టులు కలిసివచ్చుట నిజమే గాని, రాత్రి మోటార్లు ఆగి లోడు తొలగినంతనే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి యిండ్లలో వోల్టేజీ హద్దు దాటి బల్బులును టీవీలును పాడగును. తీగలో పోవుచున్న దానిని తీగలో పట్టుకొనక, మొదటిచోట పెంచుటవలన వచ్చు ఫలితమిది.

మరి పట్టుకొనుట యెట్లు? స్టార్టరు డబ్బా ముఖముమీద వోల్టుమీటరు, ఆంపియరుమీటరు రెండును ఉండును. చాలమంది వాటిని ఎఱ్ఱదీపము వెలిగినదా లేదా యని చూచునట్లు చూచి బటను నొక్కుదురు. అట్లుగాక, బటను నొక్కకముందు అంకె యెంత, నొక్కి మోటారు వేగమందుకొన్నపిదప అంకె యెంత, ఈ రెండింటిని వ్రాసికొనవలెను. ముందు 400 ఉండి తరువాత 310కి పడినచో, లోపము మన మోటారు లాగు కరెంటు వచ్చు దారిలోనే కలదు: వదులైన జంపరు, తుప్పుపట్టిన అతుకు, చాలని మందము గల సర్వీసు తీగ. ముందే 320 ఉండి తరువాత 300 అయినచో, మన దారి మంచిదే. లైనంతటికిని లోడు మించినది. మూడు ఫేజులలో రెండు సరిగానుండి ఒకటి మాత్రము తక్కువైనచో, ఆ ఫేజు ఫ్యూజువద్దనో అతుకువద్దనో వెదకవలెను. ఏలయన మూడింటి నడుమ కొద్దిపాటి తేడాయైనను కరెంటులో అంతకు అనేక రెట్ల తేడాను పుట్టించి ఒక వైండింగును మాడ్చును. ఒక్క ఫేజు పూర్తిగా పోయినప్పటికిని బుఱ్ఱుమనుచు తిరుగుచునే యుండిన మోటారు నిమిషములలో కాలును.

2018 జనవరి 1వ తేదీనుండి తెలంగాణలో వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఆరంభమైనప్పుడు కరెంటు రాగానే మోటారును తనంత తానే వేయు ఆటోస్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వము రైతులను కోరుటకు ఒక కారణము భూగర్భజలము వృథాగాకుండుట. మరియొక కారణము మన ప్రసంగమునకు చేరినది. ఇండక్షను మోటారు మొదలగు క్షణమున పూర్తిలోడు కరెంటునకు ఐదారు రెట్లు లాగును. పోయిన కరెంటు తిరిగివచ్చిన మరుక్షణమున ఒక ట్రాన్స్‌ఫార్మర్ క్రింది మోటార్లన్నియు ఒక్కసారి లేచినచో, వోల్టేజీ కూలి ఏ మోటారును వేగమందుకొనజాలదు. అన్నియు ఆ హెచ్చు కరెంటులోనే వేగుచుండును. ఒకరి తరువాత ఒకరు కొన్ని నిమిషముల యెడముతో వేసికొనినచో ఖర్చులేకయే ఈ ఆపద తప్పును. 5 హెచ్.పి. మోటారునకు 2 కె.వి.ఏ.ఆర్. కెపాసిటరు బిగించుటయు మేలైన పనియే. అది అయస్కాంతమునకు కావలసిన కరెంటును మోటారు చెంతనే సమకూర్చి లైనుమీది భారమును తగ్గించును. శాశ్వతమైన మందు మాత్రము 11,000 వోల్టుల లైనునే పొలమువరకు తెచ్చి, ఇద్దరు ముగ్గురు రైతులకొక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నిలుపు పద్ధతి. అదే శక్తిని హెచ్చు వోల్టేజీతో పంపినచో తీగలో పోవు కరెంటు తక్కువ, నష్టము మరింత తక్కువ. సికింద్రాబాదు–కాజీపేట దారిలో రైళ్లను లాగు తీగకు 25,000 వోల్టులు నిర్ణయించుటలోని న్యాయమును ఇదియే.

ఇచ్చట ఒక మాట కఠినముగానే చెప్పవలసియున్నది. కొలుచుట యనగా మీటరు చూచుటయేగాని, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె నెక్కుట గాదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చు కరెంటును ఆపు ఏ.బి. స్విచ్చు దించితిమని తలచి, దాని మూడు బ్లేడులలో ఒకటి దిగకయే నిలిచియుండగా ఫ్యూజుపై చేయివేసి చనిపోయిన రైతుల కుటుంబములు మన జిల్లాలలో తక్కువగా లేవు. నాటు తప్పిపోవుచున్నదను ఆతురత నేనెరుగుదును. అయినను ఏ పైరును ఆ చేతికి సాటిరాదు.

ఇక డబ్బాల లోపలికి వత్తము. సెల్‌ఫోనుతో మోటారును నడుపు మొబైల్ స్టార్టరు నేడు ఎన్నో బావులవద్ద కలదు. అది సరిగా పనిచేయక, ఫోను చేసినప్పుడే తనంత తానాగి మరల మొదలగుచున్నదని రిపేరు దుకాణమునకు తెత్తురు. బల్లమీద పెట్టి చూచిన అన్నియు సరిగానే యుండును! ఆ స్టార్టరులోని ఒక రకపు కార్డును తీసికొందము. అందులో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 12కు దించును. నాలుగు డయోడ్లు దానిని ఏకదిశగా మార్చును. వెయ్యి మైక్రోఫారడుల కెపాసిటరు దాని యలలను సద్దుమణచును. 7805 అను మూడుకాళ్ల రెగ్యులేటరు 5 వోల్టులు నికరముగా నిచ్చును. రేడియోలోనైనను, సెట్‌టాప్ బాక్సులోనైనను, పెట్టె యేదైనను, ఈ క్రమముననే మెట్టుమెట్టుగా కొలుచుచు పోవలెను. కెపాసిటరు మీద లోడులేనప్పుడు సుమారు పదునైదున్నర వోల్టులుండవలెను, 12ను 1.414తో హెచ్చించి రెండు డయోడ్ల నష్టమును తీసివేసిన వచ్చు అంకె యది. అరయాంపియరు లోడు వేసినచో, సెకనుకు నూరుసార్లు ఆ వోల్టేజీ నాలుగైదు వోల్టులు దిగి మరల ఎక్కుచుండును. దిగినను పదికి పైననే యుండును. రెగ్యులేటరునకు కావలసిన కనీసము 7 గావున చిక్కులేదు.

ఇప్పుడు ఇదే కార్డును చివరి స్తంభమువద్దకు కొనిపొండు. అచ్చట ఒంటి ఫేజులో 230 బదులు 170 యున్నదనుకొనుడు. 12 చోట 9కి లోపు, కెపాసిటరుపై పదునొకటి. అందుండి అలల దిగుడు పోగా 7కు దగ్గరగనో, దానికి దిగువగనో తేలును. దానికితోడు వేసవియెండలో రేకుడబ్బాలో ఉడికి ఉడికి ఎండిపోయిన కెపాసిటరు తన సామర్థ్యములో సగము కోల్పోయినదైనచో, అలల దిగుడు రెండింతలగును. అట్టి స్థితిలో సిమ్ము మాడ్యూలు టవరుతో మాటాడు క్షణమున ఒక్కసారి రెండు ఆంపియర్లవరకు లాగును. ఆ లాగుడు సెకనులో వెయ్యవవంతుకన్న తక్కువసేపే యుండును గావున సాధారణపు మల్టీమీటరు దానిని చూపజాలదు, సగటును మాత్రము చూపును. మీటరు మంచియంకె చూపినను కార్డు చచ్చి పుట్టుచుండుట కిదియే కారణము. కాబట్టి లోడు వేసి కొలువవలెను; మీటరును ఏ.సి.లో పెట్టి కెపాసిటరుపై అలను కొలువవలెను. వీలైన ఆసిల్లోస్కోపుతో చూడవలెను.

దీనిని తెలియనివాడు చేయునదేమి? 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ చాలలేదని 18 వోల్టులది వేయును. పగలు కార్డు దివ్యముగా నడచును. లైను సరిగానున్నప్పుడు రెగ్యులేటరుమీద పడు వోల్టుల తేడాయు, దాని వేడిమియు దాదాపు రెండింతలగును. రాత్రి లైను 260కి ఎక్కినప్పుడు కెపాసిటరుపై 27 వోల్టులు చేరును; దాని యొంటిమీద 25 అని అచ్చువేసియున్నది. అది ఉబ్బి ప్రేలవచ్చును.

టీవీలలోను, ఛార్జర్లలోను నుండు ఎస్.ఎం.పి.ఎస్. సప్లైల విషయమున యువకులైన మెకానిక్కులు మరింత జాగ్రత్తగా నుండవలెను. అందులోని పెద్ద కెపాసిటరు 325 వోల్టులను దాచుకొనియుండును. ప్లగ్గు పీకినపిదపకూడ కొంతసేపు దాచుకొనియే యుండును. స్క్రూడ్రైవరుతో టప్పున కలిపి కాల్చుట పని తెలిసినవాని లక్షణము గాదు. తగిన రెసిస్టరు నొకదానిని దాని కాళ్లకు కలిపి, మీటరు సున్నకు దగ్గరైనదని చూచి, అప్పుడు చేయిపెట్టవలెను. బాగుచేసిన పెట్టెకు మొదటిసారి కరెంటు నిచ్చునప్పుడు 100 వాట్ల సిరీసుబల్బు గుండ నిచ్చుట మన దుకాణములలో పాతకాలమునుండి వచ్చుచున్న మంచి యలవాటు. బల్బు ఒక్క మెరుపు మెరసి ఆరినచో మంచిదే. పూర్ణముగా వెలిగి నిలిచినచో లోపల ఇంకను షార్టున్నదని యర్థము. ఖరీదైన భాగము కాలకుండ ఆ చవుక బల్బే అంతటి కరెంటును అడ్డును.

ఇక ఆరంభమున చెప్పిన టర్బో ఇంజను వద్దకు వచ్చితిమి. వ్యర్థముగా పొగగొట్టమున పోవు వేడివాయువుచేత ఒక చక్రమును త్రిప్పించి, దాని ఇరుసునకే బిగించిన మరియొక చక్రముచేత ఇంజనులోనికి గాలిని కుక్కించు ఉపాయమునకు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందెను. మన దేశపు రైలుదారులలో దశాబ్దములపాటు బండ్లను లాగిన డబ్ల్యు.డి.ఎం.2 డీజిలు ఇంజనులు, 1962లో అమెరికానుండి వచ్చి 1964నుండి వారణాసిలో తయారైనవి, ఈ టర్బోబలముచేతనే 2600 హెచ్.పి. నిచ్చెను. కార్లలో నదే 1962లో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైరు, షెవ్రొలె కోర్వెయిరు అను రెండు బండ్లతో అమెరికాలో మొదలైనది. నేడు మన రహదారిమీద పోవు చిన్న పెట్రోలుకార్లలో సైతము అది సామాన్యమైనది.

కంపెనీ పెట్టిన బూస్టు, అనగా టర్బో కుక్కు గాలియొత్తిడి, చాలదని దానిని పెంచుకొను కోరిక యువకులలో హెచ్చుచున్నది. కోరిక తప్పని నేననను. యంత్రమునుండి మరింత బలము రాబట్టవలెననుట ఇంజనీరింగు విద్యకే మూలము. కాని గాలిని నొక్కినచో అది వేడెక్కునను సంగతిని ముందు లెక్కలోనికి తీసికొనవలెను. నల్లగొండ ఎండలో 45 డిగ్రీల గాలిని, బయటి ఒత్తిడికి ఒకటిన్నర రెట్లగునట్లు నొక్కినచో, టర్బో సామర్థ్యము నూటికి డెబ్బది యైనప్పుడు, గాలి నూరు డిగ్రీలకు చేరును. ఇంటర్‌కూలరు దానిని చల్లార్చవలెను. గ్రానైటు దుమ్ముతో దాని రెక్కలు పూడియుండిన చల్లార్చజాలదు. అంత వేడిగాలి పెట్రోలుతో కలిసి సిలిండరులో నొక్కబడినప్పుడు, ప్లగ్గు అంటించిన మంట పూర్తిగా ప్రాకకముందే మిగిలిన మిశ్రమము తనంత తాను ప్రేలును. అదియే నాకింగు. పిస్టను అంచులు విరుగుటయు, తల కరగుటయు దానివలననే.

ఈ యాపదనుండి కాపాడునది తగినంత పెట్రోలు. మామూలుగా గాలి 14.7 పాళ్లకు పెట్రోలు ఒక పాలు. బూస్టులో గాలి పన్నెండు పాళ్లకే పెట్రోలు ఒక పాలు ఇచ్చి మిశ్రమమును చిక్కగా నుంచుదురు. సరిగా ఈ తావుననే వోల్టేజీ మరల మన యెదుటికి వచ్చుచున్నది. ట్యాంకులోని పెట్రోలు పంపు ఒక కరెంటు మోటారు. బూస్టు పెరిగిన కొలది అది అంత హెచ్చు ఒత్తిడికి ఎదురుగా త్రోయవలసివచ్చి కరెంటు నధికముగా లాగును. కరెంటు పెరిగిన కొలది సన్నని తీగలోను, తుప్పుపట్టిన ఎర్తు బోల్టువద్దను వోల్టేజీ హెచ్చుగా పోవును. బ్యాటరీవద్ద 13.8 వోల్టులున్నను పంపువద్ద పదునొకటిన్నరయే మిగిలినచో, పెట్రోలు అత్యవసరమైన క్షణముననే అది తగ్గును. అట్లే ఇంజనులోనికి పోవు గాలియొత్తిడిని కొలుచు మ్యాపు సెన్సారునకు కంప్యూటరు 5 వోల్టులు పంపును. దారిలో కనెక్టరువద్ద 0.3 వోల్టు పోయినచో, సెన్సారు నిజమైన ఒత్తిడికన్న నూటికి ఆరువంతులు తక్కువ చెప్పును. కంప్యూటరు దానిని నమ్మి పెట్రోలును తక్కువగా కొలిచి పోయును. బూస్టును పెంచి ఇంజను కాల్చుకొన్న యువకుడు టర్బోను నిందించుట వినుచున్నాము; పెక్కుమార్లు అచ్చట నేరము పది రూపాయల ఎర్తు తీగది.

కనుక బూస్టు ముట్టుటకు పూర్వమే, బండి లోడులో నుండగా, మీటరు ఒక కాలు బ్యాటరీ ధనధ్రువమువద్దను మరియొక కాలు పంపు ధనధ్రువమువద్దను ఉంచి, నడుమ పోవుచున్న వోల్టేజీని కొలువుడు. ఋణపు దారినికూడ అట్లే కొలువుడు. అర వోల్టుకు మించి పోవుచున్నచో ముందు తీగను మార్చుడు. పిదప సిలిండర్ల కంప్రెషను, నూనె, ప్లగ్గుల రంగు, ఇంటర్‌కూలరు గొట్టముల బిగువు చూడుడు. పెంచునప్పుడు ఒక్కొక్క కొద్ది మెట్టు పెంచుచు, ప్రతి మెట్టునను పెట్రోలు ఒత్తిడిని, గాలి–పెట్రోలు పాళ్లను, నాకింగును కొలుచుచు పోవలెను. బూస్టు హద్దు మీరకుండ కాపాడు వేస్టుగేటును తీగతో కట్టివేయుట ఎన్నడును తగదు. ఫ్యూజుచోట లావుతీగ చుట్టుటకును దానికిని భేదములేదు. టర్బో చక్రము నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగును. పలుచని నూనెపొర దాని నాధారముగా నిలుపును. గట్టిగా నడిపివచ్చిన బండిని వెంటనే ఆపక, ఒక నిమిషము ఐడిలింగులో నుంచినచో ఆ నూనె మాడక నిలుచును. రిగ్గులవారికిని ఈ మాట వర్తించును; దుమ్ములో పనిచేయువారు గావున గాలిఫిల్టరు విషయమున వారు మరింత శ్రద్ధ వహింపవలెను. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్ణయించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చుట మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను క్రింద నిషిద్ధమని కూడ తెలిసియుండవలెను.

ఆలేరు ప్రాంతపు రైతుసోదరులకు నా విన్నపమొక్కటి. వానకాలపు నాట్లకు ముందుగా, ఒక ట్రాన్స్‌ఫార్మర్ క్రింద నున్నవారందరు ఒక దినము నిర్ణయించుకొని, ఎవరి స్టార్టరువద్ద వారు నిలిచి, మోటారు నడవకముందు, నడచునప్పుడు మూడు ఫేజుల వోల్టేజీలను, ఆంపియర్లను ఒక కాగితముమీద వ్రాసి, స్తంభముల వరుసలో పేర్చుడు. ఏ రెండు స్తంభముల నడుమ అంకె ఎక్కువగా పడినదో ఆ కాగితమే చెప్పును. దానిని విద్యుత్తు పంపిణీ సంస్థ సెక్షను ఆఫీసులో నీయుడు. 1912 నంబరునకు ఫోనుచేసి ఫిర్యాదు సంఖ్య తీసికొనుడు. మోటారు కాలినపిదప గాక, ముందే ఈ పని చేయుడని మిమ్ము వేడుకొనుచున్నాను.